ఫాదర్ అనని మాట

"పళ్ళెం ఎక్కడ పెట్టినావో సెప్పు," అంది కామమ్మ మళ్ళీ.

సూరయ్య చూరు వైపు చూశాడు. పొద్దుటి నుంచీ రేకుల మీద వాన దబదబా పడుతోంది. ఆ చప్పుడులో భార్య మాట వినిపించలేదని నటించవచ్చు గానీ, కామమ్మ గొంతు ముందు బాంబూఫ్లాట్ ఊరి వానలు ఏపాటివి?

"నిన్న సింతపండేసి తోమి గూట్లో బోర్లించినాను. ఇప్పుడు సూస్తే నేదు. ఇంటోన ముగ్గురం ఉన్నాం. నాను తియ్యలేదు. గుంట తియ్యలేదు. మరి పళ్ళేనికి కాళ్ళొచ్చినాయా?"

"ఉంటాదిలే ఎక్కడో."

"ఎక్కడో అంటే ఎక్కడ?"

వంటింట్లోంచి కూతురు యర్రమ్మ వచ్చింది, నవ్వు ఆపుకుంటూ. చేతిలో ఇత్తడి పళ్ళెం ఉంది. దాని అంచు నుంచి బియ్యపు గింజలు రాలుతున్నాయి.

"అమ్మా, చావల్ బస్తాలో ఉంది. నాన్నా, థాలీ తీసుకెళ్ళి బియ్యంలో ఎందుకు పెట్టావు?"

గుడిలో ఉపదేశి అంటే చిన్న మాటా? ఫాదర్ లేని రోజున జపాలు చెప్పించేది సూరయ్యే. చావుకీ పెళ్ళికీ ముందు నడిచేది ఆయన. అలాంటి మనిషి బెల్లం దొంగిలించిన పిల్లాడిలా కూతురి ముందు దొరికిపోయి తల వంచుకున్నాడు. చూస్తే జాలి వేస్తుంది. కానీ ముందు నవ్వొస్తుంది, రావడమే న్యాయం.

కామమ్మ నవ్వలేదు.

"ఎల్లుండి మాత పండగ. పూజలో హారతియ్యడానికి గురువమ్మని తీసుకురమ్మని ఫాదర్ నిన్నడిగినారు. 'హాఁ ఫాదర్' అన్నావు. నానక్కడే ఉన్నాను, నా సెవులతో ఇన్నాను. అంతా అని ఇంటికొచ్చి పళ్ళెం దాస్తావా? ఇది నేకపోతే హారతాగిపోద్దా? గురువమ్మింట్లో పళ్ళెం నేదా?"

"అసలు దాని పేరెత్తిందెవులు? నువ్వు. మీ తెలుగోళ్ళలో హారతి బాగా ఇచ్చేదెవరని ఆయనడిగితే నీ నోరు ఊరుకుందా?"

"అడిగినారు, సెప్పినాను. అబద్ధమాడ్డం నాకు సేతకాదు."

'నాకు' అన్నచోట కామమ్మ గొంతు కొంచెం ఆగింది. ఆ ఆగడం సూరయ్యకు తగిలింది.

గురువమ్మ ఆయనకు సొంత చెల్లెలు. ఉన్న ఊరు ఒకటే, నడిచేది ఒకే సందు, చేపలు అమ్మేది ఒకే జెట్టీ దగ్గర. అయినా అన్నాచెల్లెళ్ళు ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్ళు తాగి యర్రమ్మ వయసంత కాలం అయింది.

యర్రమ్మ పళ్ళెం తుడుస్తూ తండ్రి ఎదుటికి వచ్చింది. అప్పుడు చూశాడు సూరయ్య. పిల్ల నుదుటి మీద ఎర్రగా, చిన్నగా, గుండ్రంగా బొట్టు ఉంది.

"అదేటి?"

"బిందీ నాన్నా. పండగకి పెట్టుకుంటే ఎలా ఉంటుందో అని చూసుకున్నా. ఫాదరే కదా చెప్పారు, అందులో తప్పేం లేదని. రాంచీ నుంచి పనికొచ్చిన వాళ్ళ అమ్మాయిలు కూడా పెట్టుకుంటారట."

సూరయ్య చెయ్యి దానంతట అదే భుజం మీదికి వెళ్ళి తువ్వాలు అందుకుంది. తువ్వాలు కొన పిల్ల నుదుటి దాకా వచ్చాక గానీ తను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలియలేదు. పిల్ల బెదిరి వెనక్కి తగ్గింది.

"తుడువు," అంది కామమ్మ మెల్లగా. "అలవాటున్న సెయ్యే కదా."

తువ్వాలు కింద పడింది. తీసుకోవడానికి వంగితే లేవడం కష్టమవుతుందనిపించి సూరయ్య దాన్ని అక్కడే వదిలేశాడు.

"నాన్నా, ఒక్క మాట అడగనా?" అంది యర్రమ్మ. "అత్త నీళ్ళలో దిగి దరియాకి హారతిచ్చిందని గుడిలోకి రానివ్వలేదు అంటారు. అప్పుడది పాపం. ఇప్పుడు గుడిలోనే ఇమ్మంటున్నారు. తో ఫిర్, అత్త చేసింది పాపమా, కాదా?"

"రోమునించి పెద్దలు మార్చినారు. మనదేశపోళ్ళం మన అలవాట్లతో దేవుడ్ని కొలవొచ్చన్నారు. నీకు అర్తం కాదు."

"వాళ్ళు మార్చారు, ఠీక్ హై. మరి అత్తకి ఎవరైనా చెప్పారా, సారీ అని?"

"ఎల్లి నీళ్ళు తే!" అని అరిచాడు సూరయ్య.

బయట వాన. కుండల నిండా నీళ్ళు. అయినా పిల్ల బిందె తీసుకుని వెళ్ళింది. పెద్దవాళ్ళకు ఏకాంతం కావలసినప్పుడు పిల్లలకు నీళ్ళు మొయ్యక తప్పదు.

పిల్ల అటు వెళ్ళగానే కామమ్మ గడప మీద కూర్చుంది.

"పాత ఫాదర్ దాన్ని గుడిలోకి రావొద్దన్నారా?"

సూరయ్య గోడ వైపు చూశాడు.

"నన్ను సూసి సెప్పు. అన్నారా?"

"నీకు తెలుసు కదే."

"నాకు తెలుసు. నీకు తెలుసు. ఇంకెవులికీ తెలీదు. అదే నానంటన్నాను."

ఆ రోజుల్లో వీళ్ళంతా విశాఖపట్నం వైపు నుంచి ఈ దీవికి వచ్చి ఓడ దిగి ఎన్నాళ్ళో కాలేదు. ఎవరికీ హిందీ రాదు. ముసలి ఫాదర్ తెల్లదొర, ఆయనకు తెలుగు ముక్క రాదు. విశాఖపట్నం మిషన్ బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న ఇంగ్లీషుతో మధ్యన సూరయ్య ఉండేవాడు. ఫాదర్ ఏం చెప్పినా వీళ్ళకు ఆయన నోటి నుంచే తెలియాలి. వీళ్ళ గోడు ఏదైనా ఫాదర్‌కు ఆయన నోటి నుంచే చేరాలి. లాటిన్ పూజలో అర్థం తెలియని జవాబులను కూడా ఒక్క అక్షరం తడబడకుండా అప్పజెప్పేవాడు. అందరూ నోరు తెరుచుకుని చూసేవారు. ఆ చూపు అలవాటైన మనిషికి మరొకటి రుచించదు.

ఒక తుపానులో గురువమ్మ భర్త నూకన్న పడవ తిరిగి రాలేదు. పడవ రాని ఇంటి ఆడది మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గంగమ్మకు హారతి ఇవ్వడం వాళ్ళ రేవులో తాతల నాటి ఆచారం. జ్ఞానస్నానం పొందిన గురువమ్మ కూడా, కడుపుతో ఉన్న మనిషి, బొట్టు పెట్టుకుని నీళ్ళలోకి దిగి హారతి ఇచ్చింది. నూకన్న బతికి వచ్చాడు. ఆదివారం సంతోషంగా గుడికి వచ్చిన చెల్లెల్ని ఉపదేశి గుమ్మం దగ్గర ఆపాడు. అందరూ చూస్తుండగా తువ్వాలుతో బొట్టు తుడిచాడు. ఫాదర్ అప్పుడు మాయాబందర్‌లో ఉన్నారు. ఓడ మీద తిరిగొచ్చి, సంగతి విని, అన్నది ఒక్కటే: ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకురా, మాట్లాడదాం.

సూరయ్య చెల్లెలి దగ్గరికి వెళ్ళి చెప్పింది వేరు. గుమ్మం బయట మోకాళ్ళ మీద ఉండి అందరినీ క్షమాపణ అడిగితే తప్ప లోపలికి రావొద్దని ఫాదర్ అన్నారన్నాడు. అందరి ముందూ బొట్టు తుడిచేసి, ఇప్పుడు ఫాదర్ మెత్తగా మాట్లాడారంటే తన పరువేం కాను? అంతే, అంతకు మించి కారణం లేదు. చాలా పెద్ద పాపాల వెనక ఇంతే ఉంటుంది.

గురువమ్మ మోకరించలేదు. పుట్టిన బిడ్డ జ్ఞానస్నానం లేకుండానే పోయింది. సమాధుల గోడకు అవతల పెట్టారు. అదీ ఫాదర్ మాటే అన్నాడు ఉపదేశి. ఆ బిడ్డ సంగతి ఫాదర్ దాకా చేరనే లేదు. తర్వాత ఆయన తన దేశం వెళ్ళిపోయి అక్కడే కన్నుమూశారు.

"దాసింది సాలు," అంది కామమ్మ. "నాను కూడా నోరు కట్టుకుని కూకున్నాను. నా సిగ్గు నాకుంది. కానీ అది పళ్ళెమట్టుకుని ఆ గుమ్మంలోకొచ్చే ముందర దానికి నిజం తెలియాల. నువ్వెల్లి సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

"సెప్తే అది నా మొకం సూస్తాదా?"

"ఇప్పుడు సూస్తందా?"

*

వాన కాస్త తెరిపి ఇచ్చాక సూరయ్య బయలుదేరాడు. ఒడ్డు పక్క సందులోకి దిగుతుంటే కాళ్ళు బరువెక్కాయి. ఎవరైనా చూస్తే ఎక్కడికని అడుగుతారేమోనని గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నూకన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. సూరయ్యను చూసి చేతిలో పని ఆపలేదు.

"ఏటి బావా, తోవ తప్పినావా?"

"నేదు బావా. గురువమ్మ ఉందా?"

"ఉంటాది. ఎక్కడికెల్తాది? గుడికైతే ఎల్లదు కదా," అని నూకన్న లోపలికి కేకేశాడు. "ఓలే, ఉపదేశిగారొచ్చినారు!"

గురువమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అన్నను చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది. మనిషి చిక్కింది. జుట్టు సగం నెరిసింది. రోజూ జెట్టీ దగ్గర దూరం నుంచి చూస్తూనే ఉన్నా ఇవేవీ సూరయ్య ఇంతవరకూ గమనించలేదు.

"కూకోండి ఉపదేశిగారూ," అంది పీట వేస్తూ.

ఊరంతా అనే మాటే అది. చెల్లెలి నోట వినడానికి మాత్రం బాగాలేదు.

ఆమె టీ పెట్టి తెచ్చింది. సూరయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వేడికి వేళ్ళు కాలుతున్నాయి. కాలనీ అనుకున్నాడు.

"కొత్త ఫాదర్ నిన్ను పండగకి రమ్మన్నారు."

"ఇన్నాను. నిన్న జెట్టీ కాడ ఆయనే కనిపించినారు. 'దీదీ, ఆప్ కీ థాలీ కా నామ్ బహుత్ సునా హై' అన్నారు, నా హారతి పళ్ళెం పేరు సానా ఇన్నారంట. నాకు నవ్వొచ్చింది. నాను 'భయ్యా సే పూఛో' అనేసి గంప ఎత్తుకుని వొచ్చేసినాను."

"నన్నడగమన్నావా?"

"మరి నువ్వు కాదూ పెద్దోడివి," అని, ఆ మాటలోనే ఆమె ఉపదేశిగారిని వదిలి అన్నకు దిగింది. "నువ్వు పిలవకుండా ఎలాగొస్తానన్నా?"

సూరయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. దారంతా కూడగట్టుకున్న మాట నాలుక చివర ఉంది. ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేనని తెలుసు.

"గురువమ్మా, ఆ రోజు సంగతి ఒకటి సెప్పాలని..."

"వొద్దన్నా. ఆ సంగతి వొద్దు."

"కాదు, నువ్వినాల. ఆ రోజు పాత ఫాదర్..."

"ఆ దొర పేరు నా ఇంట్లో ఎత్తకు," అంది గురువమ్మ. గొంతు పెరగలేదు గానీ గట్టిపడింది. "పిల్లడు పోయినప్పుడు ఆ దొర ఒక్కసారొచ్చి మొకం సూసుంటే నాను అన్నీ మర్సిపోదును. రాలేదు. గోడవతల పెట్టమన్నాడు. పోనీలే, తెల్లోడు, మన కట్టం ఆయనకేటి తెలుస్తాది అనుకున్నాను."

నూకన్న వల మీద నుంచి తల ఎత్తలేదు.

"నీ మీద కూడా కోపముండేదన్నా. అబద్ధమెందుకు? సానాళ్ళుండేది. తరవాత ఈయనే సెప్పినాడు, నీ అన్నేటి సేస్తాడే, ఆ దొర సెప్పినట్టు ఇనకపోతే ఆయన బతుకేటి అని. నిజమే కదా. నువ్వు నడిమిన నలిగిపోనావు. సెల్లి బొట్టు తుడవాలంటే నీకెంత కట్టమనిపించిందో అనుకున్నాను. అనుకున్నాక కోపం పోనాది."

ఇలాంటి క్షమ కంటే చెంపదెబ్బ నయం. చెంపదెబ్బ తిన్నవాడు కనీసం తనకు చెందింది తనకు దక్కిందనుకుంటాడు. సూరయ్యకు మాత్రం చనిపోయిన ముసలాయనకు దక్కాల్సిన జాలి దక్కింది. దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలంటే నోరు తెరవాలి. ఆయన నోరు తెరిచాడు.

"టీ బాగుంది," అన్నాడు.

"బెల్లం ఎక్కువేసినాను. నీకిట్టం కదా సిన్నప్పుడు."

ఆయన లేచాడు. గొడుగు తీసుకున్నాడు. అరుగు దిగాక వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు. గురువమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, ముఖంలో సంతోషం కనిపిస్తోంది. ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదని తనకు తాను చెప్పుకున్నాడు. తన పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకోవడం కూడా ఆయనకు అలవాటే.

"వొస్తానన్నా," అంది ఆమె. "ఫాదర్ కోసరం కాదు. నువ్వొచ్చి పిలిసినావు కదా, అందుకని వొస్తాను."

ఇంటికి రాగానే కామమ్మ ఎదురొచ్చింది.

"సెప్పినావా?"

"వొస్తానంది."

"సెప్పినావా అంటన్నాను."

"వొస్తానందే!"

కామమ్మ కంచంలో అన్నం పెట్టింది, పులుసు పోసింది, ఆయన ఎదురుగా కూర్చోకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి సూరయ్య ఒంటరిగా తిన్న అన్నం అదే మొదటిది. తిన్నాడు గానీ ఏం తిన్నాడో తెలియలేదు.

*

పండుగ నాడు గుడి కిటకిటలాడింది. రోము మార్పులంటూ బలిపీఠాన్ని గోడ దగ్గర నుంచి ముందుకు జరిపిన నాడు అలిగి ఇంట్లో కూర్చున్న ముసలివాళ్ళు కూడా వచ్చారు. చాపల మీద ఒక పక్క రాంచీ వాళ్ళు డోళ్ళతో, ఒక పక్క తమిళులు, కిటికీల వైపు తెలుగువాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. తమిళుల ఆడవాళ్ళు బలిపీఠం ముందు ముగ్గు వేశారు. చూసి ఒకరిద్దరు మూతి విరిచినా, ముగ్గు మీద కాలు పడకుండా పక్కనుంచే నడిచారు.

సూరయ్య ఎప్పటిలాగే బలిపీఠం పక్కన నిలబడ్డాడు. కొత్త ఫాదర్ లారెన్స్ గోవా మనిషి, వయసులో చిన్నవారు. హిందీలో ప్రసంగం చెబుతారు. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మల కోసం సూరయ్య దాన్ని తెలుగులో అప్పజెబుతాడు. ఇన్ని మార్పుల్లోనూ ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

హారతి వేళ అయింది. ఫాదర్ గుమ్మం వైపు చూశారు. అందరూ అటే తిరిగారు.

గురువమ్మ వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంది. చేతిలో పళ్ళెం, అందులో పువ్వులు, మధ్యన వెలుగుతున్న కర్పూరం. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

డోలు ఒకసారి మోగి ఆగింది. ఫాదర్ నవ్వుతూ చేత్తో రమ్మన్నారు. గురువమ్మ కదల్లేదు. మొండితనం కాదు, కాళ్ళు రావడం లేదు. వెనకనున్న నూకన్న ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, అయినా రాలేదు.

ఫాదర్ బలిపీఠం దగ్గర నుంచి దిగి గుమ్మం దగ్గరికి నడిచారు. వెనకే సూరయ్య వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు?

"ఏమైంది భయ్యా?" అన్నారు ఫాదర్ హిందీలో, చిన్నగా. "దీదీ ఎందుకు ఆగిపోయింది?"

"పాత ఫాదర్ రోజుల్లో, ఫాదర్..." అన్నాడు సూరయ్య. "ఇక్కడే ఆపారు. హారతి ఇచ్చిందని. అప్పటి నుంచి రాలేదు."

ఆపారు అన్నాడు. ఎవరు ఆపారో అనలేదు. బొంకాడనడానికి లేదు, నిజం చెప్పాడనడానికీ లేదు.

ఫాదర్ ముఖం పాలిపోయింది. ఆ తర్వాత ఎవరూ అనుకోని పని చేశారు. పూజ వస్త్రాలతోనే గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"దీదీ," అన్నారు హిందీలో, అందరికీ వినిపించేలా. "నాకు ముందున్న ఫాదర్ మీకు అన్యాయం చేశారు. ఆయన లేరు. ఆయన పాపం నాది అనుకుని, ఆయన తరఫున నేను మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను." సూరయ్య వైపు తల తిప్పారు. "చెప్పు భయ్యా. తెలుగులో చెప్పు. మీ పెద్దవాళ్ళందరికీ వినిపించాలి."

రాంచీ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. తెలుగు ముసలమ్మలు ఏమైందో తెలియక ఉపదేశి నోటి వైపు చూస్తున్నారు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న నోరే.

సూరయ్య మొదలుపెట్టాడు. "మన పాత ఫాదర్ సేసిన తప్పుకి..." అని ఆగాడు.

కిటికీ పక్కన కామమ్మ లేచి నిలబడింది. ఏమీ అనలేదు, ఊరికే నిలబడింది. ఆమె పక్కన యర్రమ్మ ఉంది. తల్లి ఎందుకు లేచిందో పిల్లకు తెలియదు. తండ్రి మాట తడబడడం యర్రమ్మ చూడడం ఇదే మొదటిసారి. నాన్నకు ఒంట్లో బాగాలేదేమోనని ఆ పిల్ల కంగారుగా చూస్తోంది.

ఆ కంగారు చూశాక సూరయ్యకు ఇక దాచుకోవడానికి చోటు దొరకలేదు.

"నేదు," అన్నాడు తెలుగులో. "పాత ఫాదర్ అలాగన్నేదు. నిన్ను తన కాడికి తీసుకురమ్మన్నారు గురువమ్మా. మాట్లాడదామన్నారు. రావొద్దన్నది నాను. మోకరించమన్నది నాను. పిల్లడి సంగతి ఆయనకి నాను సెప్పనే నేదు. గోడవతల పెట్టమన్నది కూడా నానే."

తెలుగువాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఎవరో ముసలామె "ఓలమ్మో" అంది. తెలుగు రాని మిగతావాళ్ళు మాత్రం ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. తన క్షమాపణ తెలుగులో చేరిందనుకుని ఫాదర్ తృప్తిగా లేచి సూరయ్య భుజం తట్టారు.

ఆ తట్టడానికి సూరయ్య ఒళ్ళంతా మండింది.

నూకన్న చెయ్యి భార్య భుజం మీద నుంచి జారిపోయింది. గురువమ్మ అన్ననే చూస్తోంది. ఏడవలేదు, తిట్టలేదు. మొన్న గుమ్మంలో నిలబడి సాగనంపినప్పటి ముఖం మాత్రం కాదది. ఎవరో దారిన పోయేవాణ్ణి చూసి, వీడిని ఎక్కడో చూశానే అనుకుంటున్నట్టుంది.

"దీదీ, ఆయియే," అన్నారు ఫాదర్ చెయ్యి చాపి. "లోపలికి రండి."

గురువమ్మ ఆయన్ను చూడలేదు.

"మొన్న మా ఇంటికొచ్చినావు," అంది అన్నతో, తెలుగులో. "టీ తాగినావు. నాను నీ మీద జాలి పడతా ఉంటే కూకుని ఇన్నావు."

సూరయ్య తల దించుకున్నాడు.

"తలెత్తు. ఇప్పుడన్నావే, ఆ మాట ఈ ఫాదర్‌కి సెప్పు. ఆలకి కూడా సెప్పు," అని రాంచీ వాళ్ళ వైపు, తమిళుల వైపు కళ్ళతోనే చూపించింది. "నాను సెప్పలేక కాదు. జెట్టీ కాడ పొద్దస్తమానం హిందీలోనే కదా సేపలమ్ముతాను. నీ నోటంట రావాలన్నా. సచ్చిపోయినోడి మీద పడిన నింద నువ్వే తియ్యాల. అప్పుడు నానీ గడప దాటాలో, పళ్ళెం ఇక్కడ పెట్టేసి ఎల్లిపోవాలో సూసుకుంటాను."

పళ్ళెంలో కర్పూరం సగానికి తగ్గింది.

ఫాదర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఏదో మంచి మాటే జరుగుతోందనుకుని, నవ్వుతూనే అడిగారు.

"దీదీ ఏమంటోంది భయ్యా?"

గుడి మొత్తం ఉపదేశి వైపు చూసింది. యర్రమ్మ కూడా చూసింది, రెండు చేతులతో తల్లి కొంగు పట్టుకుని.

"దీదీ ఏమీ అనలేదు ఫాదర్," అన్నాడు సూరయ్య హిందీలో, గట్టిగా. "అన్నది నేను. అప్పుడు రావొద్దన్నది కూడా నేనే, పాత ఫాదర్ కాదు."